నాయన పేరు మీది మీటరు

నాయన పోయిన ఏడాదికి నేను కారు కొన్నాను. కరెంటుతో నడిచే కారు. కొనడం సులువుగానే జరిగిపోయింది. బ్యాంకు అప్పిచ్చింది, షోరూము వాళ్లు పూలదండ వేసి తాళాలు చేతికిచ్చారు, పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ కారుకు మా ఇంటి గోడ మీద ఒక చార్జర్ బిగించుకోవడానికి ఏమేం ఖర్చయిందో ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆళ్లగడ్డ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఇల్లు నంద్యాలలో. ఏళ్ల తరబడి బస్సులోనే తిరిగాను. పొద్దున బస్సు నంద్యాలలోనే నిండిపోయేది, శిరివెళ్ల మెట్ట దగ్గర ఎక్కేవాళ్లు ఒంటికాలి మీద నిలబడేవాళ్లు. యాభై దాటాక నా మోకాళ్లు అరిగాయి. బస్సులో నిలబడి పోవద్దని డాక్టరు చెప్పాడు. నంద్యాలకు బదిలీ కోసం పెట్టుకున్నాను, రాలేదు. నాయన ఉన్నన్నాళ్లూ ఆయన మందులకూ ఆస్పత్రికీ జీతం సరిపోయేది కాదు. ఆయన పోయాక నా చేతిలో మొదటిసారి నాలుగు రూపాయలు మిగిలాయి. కారు నేర్చుకున్నాను, కొన్నాను. నంద్యాల నుంచి వచ్చే మరో ఇద్దరు టీచర్లు నాతో వస్తామన్నారు. ముగ్గురం కలిసి పోతే బస్సు చార్జీ కన్నా పెద్దగా ఎక్కువ పడదు.

పెట్రోలు బండి కాకుండా కరెంటుది ఎందుకంటారా, రోజూ అంత దూరం పోయి రావాలి, పెట్రోలు తట్టుకోలేను. పైగా షోరూములో కుర్రాడు గట్టిగా చెప్పాడు. "చార్జర్ ఫ్రీ మేడం. మా మనిషే ఇంటికొచ్చి బిగిస్తాడు. సెల్‌ఫోన్‌కు పెట్టుకున్నట్టే, రాత్రి పెట్టి పొద్దున తీసేయడమే."

వారం తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. అట్టపెట్టె కింద పెట్టి, మీటరు ఎక్కడుందని అడిగాడు. ఫ్రీ అంటే పెట్టె మాత్రమేనని అప్పుడు తెలిసింది. మీటరు నుంచి కారు నిలిపే చోటికి లావు వైరు మనమే కొనాలి. దానికి వేరే బ్రేకరు కొనాలి. ఎర్తింగుకు గుంత తవ్వి, రాగి కడ్డీ దించి, బొగ్గూ ఉప్పూ పోయించాలి. మా మీటరుకు ఇచ్చిన కరెంటు లోడు చాలదు, కరెంటు డిపార్టుమెంటుకు డబ్బు కట్టి పెంచుకోవాలి. అతను ఒక్కొక్కటీ చెబుతుంటే నేను మనసులో కూడుకుంటూ పోయాను. ఒక నెల జీతం దాటేలా ఉంది. సరే, కారే కొన్నాం, ఇదొక లెక్కా అనుకున్నాను.

అతను మీటరు డబ్బాకు టార్చి కొట్టి, కరెంటు బిల్లు చూసి, పేరు చదివాడు.

"ఈయన ఎవరు మేడం?"

"మా నాయన."

"లోడు పెంచేదానికి ఆయన సంతకం కావాల. ఇంట్లో ఉండారా?"

"లేడు. పోయి ఏడాదయింది."

అతను పెట్టెను మళ్లీ మూసి గోడకు ఆనించాడు. "అయితే ముందు మీటరు మీ పేరుకు మార్చుకోండి మేడం. ఆ తరవాత ఫోన్ చెయ్యండి."

ఆ ఇల్లు నాయన కట్టినది. ఆయన మిషన్ స్కూల్లో టీచరు. కింది భాగం ఆయన చేతి మీదుగా లేచింది, వాకిట్లో బేతంచెర్ల బండలు దగ్గరుండి పరిపించాడు. అమ్మ నా చిన్నప్పుడే చనిపోయింది. మేమిద్దరమే పిల్లలం, అన్న, నేను. అన్నకు పెళ్లయ్యాక మేడ మీద వాటా కట్టుకున్నాడు. దానికి వేరే మెట్లు, వేరే మీటరు. ఊళ్లో ఎరువుల కొట్టు నడుపుతాడు. కింద నాయనా నేనూ ఉండేవాళ్లం. నాయన పోయాక నేనొక్కదాన్నే. ఇల్లు ఎవరిదనే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. రావాల్సిన అవసరం ఉందని నాకు తోచనూ లేదు.

నేను కరెంటాఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కాగితాలు చూసి, "వారసులు ఎంతమంది?" అన్నాడు. ఇద్దరమన్నాను. "ఒకరి పేరు మీద పెట్టాలంటే ఇంకొకరు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద రాసియ్యాల. మీ అన్నను పిల్చుకొని రాండి" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. నేనే ఆ కుర్చీలో ఉన్నా అదే అడిగేదాన్ని.

ఈలోపు కారు ఊరికే నిలబడదు కదా. నాయన గదిలో ఏసీ కోసం వేయించిన ప్లగ్గు ఉంది. కిటికీ చువ్వల మధ్య నుంచి వైరు లాగి కారుకు పెట్టాను. నిండడానికి రాత్రంతా పట్టేది. పదో తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పేది నేనే. సన్నని తీగలో ఎక్కువ కరెంటు పోతే వేడెక్కుతుందని బోర్డు మీద రాసేది నేనే. అయినా పాత ఇంటి గోడలో ఏ తీగ ఉందో చూసుకోలేదు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, కారుకు పెట్టి, వంటింట్లో చపాతీలు చేసుకుంటుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. పరిగెత్తి చూస్తే ప్లగ్గు నల్లబడి మెత్తగా కరుగుతోంది, బోర్డు వెనక నుంచి పొగ. మెయిన్ ఆపేశాను.

వాసన మేడ మీదికి పోయింది. అన్న లుంగీ ఎగ్గట్టుకొని గబగబా దిగి వచ్చాడు.

"ఏందీ మ్మే ఇది? ఇల్లు కాల్చేద్దామనుకుంటాండావా?"

"పాత వైరింగు అన్నా. చార్జర్ సరిగ్గా పెట్టించుకుంటే ఈ బాధ ఉండదు. మీటరు నా పేరుకు మార్చాల, నువ్వు ఒక సంతకం పెడితే చాలు."

అన్న నల్లబడిన బోర్డును వేలితో తాకి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నీ పేరుకు ఎందుకు మ్మే? పొద్దున పోతే పొద్దు గూకినాక వస్తావ్. ఆఫీసుల చుట్టూ యాడ తిరుగుతావ్? నా పేరు మీద పెట్టుకుంటా. లోడు పెంచేది, వైర్లు లాగిచ్చేది అంతా నేనే చూసుకుంటా. దుడ్లు నువ్వు పెట్టుకో."

ఆ మాట నాకు ఊరటగా అనిపించింది. చిన్నప్పటి నుంచి బయటి పనులు అన్నే చూసేవాడు. నా డిగ్రీ సర్టిఫికెట్లు పోతే యూనివర్సిటీకి పోయి తెచ్చింది అన్నే. ఆ శనివారం స్టాంపు పేపరు రాయించుకొని వచ్చాడు. చదివే సంతకం పెట్టాను. మీటరు ఆయన పేరుకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదని ఉంది, అంతే. వదిన మా ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చింది.

బిల్లు అన్న పేరుతో రావడం మొదలైంది. చార్జర్ పెట్టె మాత్రం గోడకు ఆనించినట్టే ఉంది. అడిగితే మొదట కరెంటాఫీసులో ఏఈ లీవులో ఉన్నాడన్నాడు. తర్వాత యూరియా లోడు వచ్చింది, కొట్టు వదిలి రాలేనన్నాడు. ఆ తర్వాత, వానాకాలం పోనీ, తడిలో గుంత తవ్వితే గోడ దిగబడుతుందన్నాడు. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన ఒక హోటల్ దగ్గర పెద్ద చార్జింగ్ స్టేషన్ ఉంది. అక్కడ పెట్టుకుంటే ఇంటి కరెంటుకు ఎన్నో రెట్లు పడేది. పైగా అది పనిచేసే రోజుల కన్నా పనిచేయని రోజులే ఎక్కువ.

బళ్లో చార్జింగ్ పెట్టుకోనివ్వమని హెడ్మాస్టరును అడిగాను. గవర్నమెంటు కరెంటు, రేపు ఎవరైనా ఫోటో తీసి పెడితే తన ఉద్యోగానికి ముప్పొస్తుందన్నాడు. మా హిందీ టీచరు ఆళ్లగడ్డలోనే ఉంటుంది, బడికి దగ్గర్లో సొంత ఇల్లు. ఆమే ఒకరోజు స్టాఫ్‌రూములో, "మా ఇంట్లో పెట్టుకో అక్కా, బోరు మోటారుకు వేసిన గట్టి లైను ఉంది" అంది. అలా బడి జరిగే వేళంతా కారు వాళ్ల వాకిట్లో ఉండేది. యూనిట్లు లెక్కగట్టి నెలనెలా ఇచ్చేదాన్ని. ఆమె వద్దంటూనే తీసుకునేది. మనిషి మంచిది. కానీ సాయంత్రం కారు తాళాలు పట్టుకొని వాళ్ల గేటు తీసినప్పుడల్లా, సొంతిల్లు ఉండి ఒకరి ప్లగ్గు దగ్గర నిలబడాల్సి వచ్చిందే అనిపించేది. నాతో వచ్చే ఇద్దరూ ఎండలో గేటు బయట నిలబడి చేతి గడియారాలు చూసుకునేవాళ్లు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం మేడ మీదికి వెళ్లాను. అన్న టీవీ చూస్తున్నాడు. వదిన చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అన్నా, చార్జర్ సంగతి ఏం చేస్తాండావ్?"

ఆయన టీవీ మీది నుంచి కళ్లు తిప్పలేదు. "చూడు మ్మే. అది పెట్టాలంటే బండలు కొట్టాల, గుంత తవ్వాల, గోడకు బొక్కలెయ్యాల. నేను కింద ముందు గోడలు కొట్టేసి షాపులు చేద్దామనుకుంటాండా. ఇప్పుడు అంత ఖర్చు పెట్టి, రేపు పీకేదానికా?"

షాపుల మాట నేను వినడం అదే మొదటిసారి.

"కింద నేనుండాను కదా. నేను యాడుండాల?"

"మేడ మీద ఒక రూము ఇస్తాంలే."

"ఇస్తావా? అది నాయన ఇల్లన్నా. నాకూ సగం ఉండాది."

అప్పుడు టీవీ సౌండు తగ్గించి నా వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆ ముఖంలో. చిన్నపిల్లకు లెక్క విడమరిచి చెబుతున్నట్టు అన్నాడు. "సగం, సగం అంటావేంది? నీ తరవాత అంతా మా పిల్లోల్లకే కదా. ఈడ పంచుకునేదేముంది?"

వదిన చిక్కుళ్ల మీది నుంచి తల ఎత్తలేదు.

"నేనింకా ఉండాను కదన్నా" అన్నాను.

ఆయన మళ్లీ టీవీ సౌండు పెంచాడు. నేను మెట్లు దిగాను. ఆ మాట ఆయన నోటికి ఆ రోజే వచ్చి ఉండదు. నేను నాయనకు స్నానం చేయించేటప్పుడు, ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు కూడా వాళ్లు మేడ మీద ఆ లెక్కలోనే ఉన్నారు. నాకు పెళ్లి కాలేదని బాధపడినవాళ్లూ వాళ్లే. పండక్కి చీర పెట్టి, పిల్లలతో అత్తా అత్తా అనిపించినవాళ్లూ వాళ్లే. అదంతా అబద్ధమని నేననను. అదీ ఉంది, ఇదీ ఉంది. రెండూ ఒకే మనుషుల్లో అంత నిమ్మళంగా ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నాకు మొండితనం వచ్చింది. పక్కనున్న బండి ఆత్మకూరు ఊరి నుంచి ఒక ఎలక్ట్రీషియన్ను పిలిపించాను. లోడు సంగతి తర్వాత, ముందు గుంతా వైరూ అయిపోనీ, ఎదురుగా కనబడితే అన్న మెత్తబడతాడు అనుకున్నాను. ఒక సెలవు రోజు, అన్న కొట్టుకు పోయాక పని మొదలైంది. ఎలక్ట్రీషియన్, వెంట ఒక కూలి మనిషి. వాకిట్లో రెండు బండలు పగలకుండా లేపి పక్కన పెట్టారు. కింద నల్లరేగడి, గడ్డపారకు బంకలా అంటుకుంటోంది. నడుంలోతు దిగారో లేదో, మోటారు సైకిల్ గేటు ముందు ఆగింది. వదిన ఫోన్ చేసి ఉంటుంది.

అన్న నా వైపు చూడలేదు. సూటిగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాడు.

"ఎవురప్పా నువ్వు? ఎవురు రమ్మన్యారు?"

"మేడం రమ్మన్యారన్నా."

"మీటరు ఎవురి పేరు మీద ఉండాదో తెలుసా? నాది. నా పర్మిషన్ లేకుండా తీగ ముట్టుకున్యావంటే పోలీసోల్ల దగ్గరికి పోతా. సామాన్లు ఎత్తుకో."

"అన్నా, నేను పిలిచినా. నాతో మాట్లాడు" అన్నాను.

అప్పటికి వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. అన్న గొంతు పెంచాడు. "నీతో ఏం మాట్లాడాల? నువ్వే రాసిచ్చినావ్ కదా, అభ్యంతరం లేదని!"

ఎలక్ట్రీషియన్ ఒకసారి నన్ను, ఒకసారి ఆయన్ను చూశాడు. అతనికి ఇలాంటివి కొత్త కాదేమో. సామాన్లు సంచిలో వేసుకుంటూ, "మీరు మీరు మాట్లాడుకోండి మేడం" అని వెళ్లిపోయాడు. రోజు కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. నేనే బలవంతంగా కూలి మనిషి చేతిలో పెట్టాను. సాయంత్రానికి అన్న మనుషులను పెట్టి గుంత పూడ్పించాడు. బండలు తిరిగి పరచకుండా సిమెంటు పూయించాడు. నేను కొన్న ఉప్పు బస్తాలు, బొగ్గు, రాగి కడ్డీ గేటు పక్కన ఆరుబయట పారేసి ఉన్నాయి.

పాస్టరుగారు వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. "ఒక కారు కోసం అన్నాచెల్లెళ్లు విడిపోతారా? ఇద్దరూ ఒకరినొకరు క్షమించుకోండి" అన్నారు. నేనేం చేశానని క్షమించమని అడగాలో చెప్పమన్నాను. ఆయన నొచ్చుకున్నారు. కళ్లు మూసుకోమని చాలాసేపు ప్రార్థన చేశారు. కళ్లు తెరిచాక అన్న ఆయనకు కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చి, బండి దాకా వెళ్లి సాగనంపాడు.

ఆ వేసవి సెలవుల్లో ఆళ్లగడ్డలో ఇల్లు చూసుకున్నాను. శిల్పాలు చెక్కే షెడ్లకు వెనక వీధి. పొద్దున్నుంచే ఉలి చప్పుడు మొదలవుతుంది, వాకిట్లో బట్టలు ఆరేస్తే సన్నని రాతి పొడి పడుతుంది. ఇంటి ఓనరు పెద్దాయన, ఒకప్పుడు పసుపు వ్యాపారం చేశాడట. చార్జర్ సంగతి భయపడుతూనే అడిగాను. "పెట్టుకో టీచరమ్మా. కాకపోతే ఖాళీ చేసేటప్పుడు వైరు పీకి గోడ పాడు చెయ్యొద్దు, ఆడే వదిలేసిపో" అన్నాడు. లోడు కాగితం మీద అక్కడే, నా పెన్నుతోనే సంతకం పెట్టాడు. ఆయనకు నేనెవరో తెలిసి అప్పటికి గంట కూడా కాలేదు. ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చాను.

చార్జర్ బిగించారు. మంచి ఎర్తింగు, లావు వైరు, అన్నీ కొత్తవి. కంపెనీ వాళ్లు ఇల్లు మారినందుకు మళ్లీ డబ్బు తీసుకున్నారు. అంతా కలిపితే మొదట మనసులో కూడుకున్నదానికి రెండింతలయింది, అదీ ఒకరి గోడకు. తీరా చూస్తే ఆ ఇంటి నుంచి బడికి నడిచి పోవచ్చు. రోజూ నంద్యాల నుంచి రావడానికి కొన్న కారు వాకిట్లో రాతి పొడి కప్పుకొని ఉంటుంది. నాతో వచ్చే ఇద్దరు టీచర్లు మళ్లీ బస్సెక్కారు. వాళ్లలో ఒకామె నన్ను నమ్మి తన స్కూటీ అమ్మేసింది. ఆమె ఇప్పుడు నాతో అవసరమైతే తప్ప మాట్లాడదు. ఆమె కోపంలో న్యాయం ఉంది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు అన్న కొట్టులోనే ఉన్నాడు. సామాను ఎత్తేటప్పుడు వదిన మెట్ల మీద నిలబడి, "నాయన మంచం కూడా తీసకపోతాండావా?" అంది. నేను ఆ మంచం వదిలేశాను. తెచ్చుకోవాల్సిందని తర్వాత అనిపించింది.

కొన్ని నెలలు ఏ మాటా లేదు. ఒక మధ్యాహ్నం లీజర్ పీరియడ్‌లో ఫోన్ మోగింది. అన్న.

"బాగుండావా మ్మే? ఏంలే, పెద్దోడు కరెంటు కారు తీసుకుంటానంటాండాడు. నువ్వు వాడినావు కదా, ఎట్లుంటాదది? ఇంటికి చార్జర్ పెట్టిచ్చేదానికి ఎంతయితాది?"

నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎర్ర పెన్ను కింద పెట్టాను. ఎంతవుతుందో చెప్పాను. వైరు ధర చెప్పాను, ఎర్తింగు ధర చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది, నాకే ఆశ్చర్యం వేసింది.

"లోడు పెంచేదానికి ఏమన్నా పేచీ పెడతారా?"

"మీటరు ఎవరి పేరు మీద ఉందో చూస్తారు."

"అది నా పేరు మీదే ఉండాది కదా. ఆ బాధ లేదు" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, నేను మర్చిపోయి ఉంటాననుకున్నాడో తెలియదు. గుంత ఎక్కడ తవ్వితే మంచిదని కూడా అడిగాడు. క్లాసుకు గంట కొట్టారని చెప్పి పెట్టేశాను. గంట కొట్టలేదు.

మరుసటి సెలవు రోజు కారు తీసి నంద్యాల వెళ్లాను. కోర్టు దగ్గర ఒక లాయరమ్మను కలిసి, భాగపరిష్కారానికి దావా వేయమన్నాను. మీటరు పేరు మారినంత మాత్రాన ఇల్లు ఆయనది కాదని, నా సగం ఎక్కడికీ పోదని ఆమె చెప్పింది. కానీ ఏళ్లు పడుతుందని, ఈలోపు ఫీజులు ఉంటాయని కూడా చెప్పింది. అసలు నాకు కావలసింది ఇల్లా, డబ్బా అని అడిగింది. నా తర్వాత ఎవరికి పోతుందో నేనే రాసుకుంటాను, వాళ్లు రాసుకోవడానికి వీల్లేదు. అంతవరకే నాకు స్పష్టంగా తెలుసు. ఆ మాటే చెప్పాను. ఆమె వకాల్తా కాగితం నా ముందుకు జరిపింది.

మొదటి వాయిదా రోజు వరండాలో అన్న కనిపించాడు. తెల్లచొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచి, జుట్టుకు రంగు వేయక చెవుల దగ్గర నెరిసి ఉంది. నా పక్క బెంచీ మీద చోటుంటే వచ్చి కూర్చోబోయి, ఆగి, స్తంభం దగ్గర నిలబడ్డాడు. వచ్చేపోయే మనుషుల్ని చూస్తూనే, "తిని వచ్చినావా?" అన్నాడు.

"తిన్యా" అన్నాను.

మా కేసు పిలవకుండానే వాయిదా పడింది. ఆయన ఒక గేటు నుంచి వెళ్లాడు, నేను ఇంకో గేటు నుంచి బయటికొచ్చి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కాబట్టి, బస్టాండు ముందు కారాపి రెండు ఇడ్లీలు తిన్నాను.